కాఫీ మామ తుమ్ములు

నా చిన్నప్పుడు బళ్ళారి బజారులో మా కాఫీపొడి అంగడికి దారి ఎవరినీ అడగనక్కర్లేదు, ముక్కును నమ్ముకుని నడిస్తే చాలు. పొద్దున్నే మా తాత గింజలు వేయించడం మొదలుపెడితే ఆ కమ్మటి వాసన మలుపు దాటి బట్టలంగళ్ళ దాకా పోయేది. నా పలకకూ, రిబ్బన్లకూ, చివరికి నా లెక్కల పుస్తకానికి కూడా అదే వాసన. ఆ పుస్తకంలో మెచ్చుకోదగ్గది ఇంకేమీ లేదు లెండి.

కాఫీ రైతులు తమ పంటను నచ్చినవాళ్ళకు అమ్ముకోవచ్చని సర్కారు అప్పుడప్పుడే వదిలిపెట్టిన కాలం అది. ఎవరు పండించారో, వాళ్ళ చేతికి ఏం ముట్టిందో తెలియని సరుకు తాగితే ఒంటికి పట్టదని మా తాత నమ్మకం. అందుకని ఒకసారి బస్సెక్కి చిక్కమగళూరు కొండలకు పోయాడు. ఒక చిన్న రైతు ఇంట్లో దిగి, తోటంతా తిరిగి, దళారి కంటే మంచి ధర ఇస్తాను, ఇకమీద నీ పంట నాకే అని చేతిలో చెయ్యేసి వచ్చాడు. ఆ మాట నమ్మి ఆ రైతు పాత దళారితో తెగతెంపులు చేసుకున్నాడు. ఇక మేము కాదంటే ఆయన పంట ముట్టే దిక్కు లేదు. మూటలతో పాటు తోటలో కాసిన నారింజలు నాకోసమని విడిగా కట్టి పంపేవాడు. నాకు ఆయన కాఫీ మామ.

మొదటి ఏడు అంతా బాగానే జరిగింది. రెండో ఏటి మూటలు విప్పాక కథ అడ్డం తిరిగింది. మా పొడి తాగినవాళ్ళందరికీ గొంతులో ఏదో గరగర. మావి కారం తినే గొంతులే గానీ, కాఫీ తాగి దగ్గాలని ఎవరికుంటుంది? పాత ఖాతాదారులు ఒక్కొక్కరే పక్కవీధికి మళ్ళారు. పక్కంగడి శెట్టి వచ్చి, "ఏందప్పా ఇది, దళారిని ఇడిసి కొండకు పోయి కొంటే ఇట్లే ఉంటాది. మూటలు వాపస్ కొట్టు, ఆ మనిషిని మర్చిపో" అన్నాడు. ఆ నారింజలు పంపిన మనిషి మోసం చేస్తాడంటే నేను ఒప్పుకోలేదు. అలిగి ఆ రోజంతా శెట్టి మొహం చూడలేదు. ఆయన గమనించాడో లేదో తెలియదు.

మా తాతకు ఒక పద్ధతి ఉండేది. ఎవరితో తగాదా పడాల్సి వచ్చినా ముందు ఇంటికి పిలిచి, పీట వేసి, కాఫీ ఇచ్చేవాడు. "మొగం చూడకుండా మాట అనేది నాకు చేత కాదప్పా. ముందు కాఫీ, ఆమీదే కయ్యం" అని శెట్టికి చెప్పి, ఒకసారి వచ్చి నీ పంట కాఫీ మా ఇంట్లో తాగి పొమ్మని కొండకు కబురు పంపాడు. సంగతి మాత్రం చెప్పలేదు.

కాఫీ మామ కొత్త పంచె కట్టుకుని పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. తన ఇంటి వాడకానికి దాచుకున్న గింజలు ఒక చిన్న గుడ్డసంచిలో మా అవ్వకు కానుకగా తెచ్చాడు. మా అంగడి పొడితో పెట్టిన కాఫీ గుక్కెడు తాగాడో లేదో దగ్గు. లోటా దించి, "ఇదు నన్న కాఫీ అల్ల, యజమాన్రే" అన్నాడు. ఇది తన కాఫీ కాదని. ఆయన మొహంలో నవ్వు పోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

మా అవ్వ ఆ గుడ్డసంచి గింజల్ని బాణలిలో వేయించి, దంచి, కాఫీ దించింది. అదే తోట, అదే పంట, గరగర మాత్రం లేదు. తాత కళ్ళు మూసుకుని లోటా అడుగంటా తాగి, కాఫీ మామ చెయ్యి పట్టుకుని వెనక మూటలు పెట్టిన గోడౌనుకు తీసుకుపోయాడు.

తలుపు తీయగానే మొదలైంది తుమ్ముల పండగ. కాఫీ మామ తుమ్మి తుమ్మి భుజం మీది తువ్వాలు కింద పడేసుకున్నాడు. మేమంతా కొయ్యబొమ్మల్లా నిలబడి చూస్తున్నాం, ఒక్కరికీ తుమ్ము రాలేదు. అప్పుడు మా అవ్వ నుదురు కొట్టుకుంది. ఆ ఏడు కాఫీ మూటలు రాకముందు ఎండాకాలమంతా ఆ గదిలో, దేశనూరులో మిరప పండించే మా పెదనాన్న దించిన మిరపకాయల బస్తాలున్నాయి. పచ్చి కాఫీ గింజ పక్కనున్న వాసననల్లా పీల్చుకుంటుంది. మిరప ఘాటేమో బళ్ళారి ముక్కులకు గాలితో సమానం, దాన్ని పట్టడానికి కొండల నుంచి ఒక ముక్కు రావాల్సి వచ్చింది.

మా తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక చేతులు జోడించి, "తప్పు మాదప్పా" అన్నాడు. ఆ మాటను నాలుగు గోడల మధ్య వదిలేయలేదు. మర్నాడు కాఫీ మామను అంగడి ముందర కుర్చీలో కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళకల్లా ఆయన్ను చూపించి, కాఫీ ఈయనది, కారం మాది అని చెప్పాడు. శెట్టిని పిలిచి మరీ చెప్పాడు. చెడిన మూటల నష్టం తనే మోశాడు. గోడౌను కడిగించి సున్నం కొట్టించాడు. దేశనూరు పెదనాన్నకు మా అవ్వ నోటితోనే వేరే సున్నం పడింది. ఒక ముసలాయన మాత్రం చాన్నాళ్ళు, "ఆ గొంతు పట్టే పొడి ఇంగ రాదా?" అని అడుగుతూనే ఉండేవాడు.

ఇప్పుడు ఆ అంగడి నాది. తాత లేడు, కాఫీ మామ కొండ దిగలేని ముసలివాడయ్యాడు, ఆయన కొడుకు పంపిన గింజలే వేయిస్తున్నాను. మొన్న కాఫీలో ఏదో తేడా ఉందని మా అమ్మాయి విసుగ్గా ఫోను తీసి అతని నంబరు నొక్కబోయింది. నేను ఫోను లాక్కుని, దాని చెయ్యి పట్టుకుని గోడౌనుకు నడిచాను. ఎవరి మీదైనా కోపం వస్తే నేను ముందు తీసేది మా తలుపే. తీసిన ప్రతిసారీ ఎవరో తుమ్ముతారేమోనని ఒక్క క్షణం ఆగుతాను.