శుక్రవారం నాడు మోకాళ్ళు నొయ్యవు

మొన్న శుక్రవారం పొద్దున సరిగ్గా పదింటికి, రాహుకాలం రావడానికి అరగంట ముందు, నాచారం దవాఖానాల కూర్చొని నా మోకాళ్ళ పరువు నేనే కాపాడిన. దాంతోనే నా ఆపరేషన్ ఎగిరిపోయింది.

రెండేండ్ల నుంచి మా ఇంట్ల మోకాళ్ళ ముచ్చటే. మార్పించాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా? మా ఆడపడుచు తైలం అన్నది. ఆమె తైలం రాసీ రాసీ కర్ర పట్టుకున్నది, అయినా తైలమే అంటది. పక్కింటామె ఇంజెక్షన్ అన్నది. నేనేమో ఆషాఢం అన్న, మూఢం అన్న, కార్తీకం అన్న. పంచాంగంల నా మోకాళ్ళకు ఖాళీ దొరకలే. ఈలోపల పూజ చేసి పీట మీదికెల్లి లేవాలంటే మా ఇంటాయన చేయి పట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మా సారుకు భుజం నొప్పి.

ఆఖరికి ఉప్పల్‌ల ఉండే మా బిడ్డ సునీత ఇరవై రోజులు లీవు పెట్టి వచ్చింది. "అమ్మా, ఇప్పుడు కాకుంటే నాకు మళ్ళ ఏడాది దాక లీవు దొరకదు" అన్నది. డాక్టరు దగ్గరికి పోయే రోజు మాత్రం నన్ను ఎంచుకోమన్నది. నేను శుక్రవారం ఎంచుకున్న. శుక్రవారం నోట్లకెల్లి అశుభం రావొద్దని మా అత్తమ్మ నేర్పింది. ఆ రోజు బియ్యం అయిపోయినా నిండుకున్నయంటం గానీ, లేవని అనం.

డాక్టరు చిన్న వయసాయన. ఎక్స్‌రే లైటుకు పెట్టి చూసిండు.

"బాగా అరిగినయమ్మా. నొప్పి ఎట్లుంది?"

"దేవుని దయ సార్."

"మెట్లు ఎక్కుతరా?"

"ఆ స్వామే ఎక్కిస్తడు."

"రాత్రి నిద్ర?"

"సల్లగ పడుతది సార్."

సునీత నోరు తెరిచింది. "మా బిడ్డకు జర భయమెక్కువ సార్" అని మెత్తగ ఆపిన.

"ఇంట్ల ఇంకెవరికన్న ఉండెనా?" అనడిగిండు. అది నా సబ్జెక్టు. మా అమ్మకు ముందుగాల ఏ కాలు వంగింది, మా మేనమామ ఏ పండుగ నాడు కింద కూర్చోలేకపోయిండు, అన్నీ చెప్పిన. నావి తప్ప వంశంల అందరి మోకాళ్ళూ ఆయన ముందు పెట్టిన.

ఆయన ఫైలు మూసిండు. "ఎక్స్‌రే ఒక్కటే చూసి ఆపరేషన్ చెయ్యమమ్మా, మనిషి పడే కష్టం చూసి చేస్తం. మీకు కష్టమే లేదంటున్నరు. వ్యాయామం చెయ్యండి, బరువు తగ్గండి. ఆరు నెలలకు చూద్దం."

బయటికి రాంగనే సునీత అందుకున్నది. "ఇంట్ల మా పానం తీస్తవు. ఆయన ముందర నీ మోకాళ్ళకు పెండ్లిచూపులా?"

"నా భుజమన్న చూపిస్తే పోతుండె" అన్నడు మా సారు.

వచ్చేటప్పుడు లిఫ్టుల వచ్చినం. పోయేటప్పుడు అది ఖరాబైంది. ఇంట్ల దిగినట్టే దిగిన, వెనక్కి వెనక్కి, రెండు చేతుల కమ్మి పట్టుకుని, మెట్టుకొక గోవిందా అనుకుంట. కింద ఎవరో నా కోసం ఆగిన్రు. వెనక్కి తిరిగి చూస్తే చాయ్ కప్పు పట్టుకుని డాక్టరు.

"అమ్మా, ఇదేంది? కష్టం లేదన్నరు?"

"ఇయ్యాల శుక్రవారం సార్."

ఆయన సునీత దిక్కు చూసిండు. సునీత సీలింగ్ దిక్కు చూసింది.

"రేపు మళ్ళ తీసుకురండి. ఇంట్ల ఎట్ల లేస్తున్నదో వీడియో తియ్యండి. ఆమె మాట నాకొద్దు" అన్నడు.

శనివారం పొద్దుగాల పూజగది ముందర మా సారు ఫోన్ పట్టుకుని నిలబడ్డడు. నేను కొంగు సర్దుకుని, పండ్లు బిగబట్టి, నవ్వుకుంట లేచిన. సునీత చూసి, "ఇది చూపిస్తే పరుగు పందానికి పంపుతడు" అని డిలీట్ చేసింది. రెండోసారి నాకు తెల్వకుంట తీసిన్రు. అండ్ల నేను గోడ పట్టుకుని, "స్వామీ, దీపం నేను పెడ్త, లేపుడు నీ పని" అని ఏడుస్తున్న.

డాక్టరు రెండుసార్లు చూసిండు. "పరీక్షలు చేసి, వచ్చే గురువారం కుడి మోకాలు చేద్దం" అన్నడు. సునీతకు లీవు ఇంకా ఉన్నది.

నా చేయి దానంతట అదే సంచిలకు పోయింది. పంచాంగం లేదు. సునీత దాన్ని పొద్దుగాలనే బీరువాల పెట్టి, తాళంచెవి నడుముకు చెక్కుకున్నది.