ముల్లు కదలని రోజు

మొన్న ఫోను బాగుచేయించుకుందామని ఒక దుకాణంలో కూర్చున్నాను. దుకాణదారు టంకం వేస్తుంటే సన్నటి పొగ లేచి, కాల్చిన గుగ్గిలం వాసన వచ్చింది. ఆ వాసనతో దేవదానం సారు నా ముందుకు వచ్చి నిలబడ్డారు. అరవైల చివర్లో నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న దవాఖానలో రక్తపరీక్షల గదికి ఆయన పెద్ద. ఆ గదిలో పని నేర్చుకోవడానికి చేరిన మొదటి ఆడపిల్లను నేను. అంతకుముందు ఆయన సైన్యంలో వైర్‌లెస్ సెట్లు చూసేవారట. కోపిష్ఠి. గాజు గొట్టం సరిగా కడగకపోతే మాట్లాడకుండా దాన్ని తిరిగి నా చేతిలో పెట్టేవారు. ఆయన మాట్లాడకపోవడమే నాకు పెద్ద తిట్టు.

రక్తంలో చక్కెరను కొలిచే యంత్రం ఒకటి మా దగ్గర ఉండేది. లోపల చిన్న బల్బు, దాని ముందు గొట్టం, అవతల వెలుతురును కొలిచే ముల్లు. చక్కెర ఎక్కువైన కొద్దీ మందు కలిపాక గొట్టంలో వచ్చే నీలిరంగు చిక్కబడి వెలుతురు తక్కువగా దాటుతుంది, ముల్లు అంత పైకి ఎక్కుతుంది. ముందు చక్కెర లేని ఉత్త గొట్టం పెట్టి ముల్లును సున్నా దగ్గర నిలపాలి. తర్వాత రోగి గొట్టం పెట్టి చూడాలి. ఒక ఎండాకాలం మర్రిగూడ దగ్గరి మా ఊరి నుంచి నాన్నను, మేం బాపు అనేవాళ్లం, ఆ దవాఖానకే తీసుకొచ్చాను. మనిషి చిక్కిపోయాడు, కొంచెం నడిస్తే ఆయాసం. డాక్టరమ్మ చక్కెర పరీక్ష రాశారు. నేనే చేశాను. ముల్లు చాలా పైకి ఎక్కింది. చక్కెర జబ్బుతో మా ఊళ్లో ఒకాయన కాలు పోగొట్టుకోవడం నేను కళ్లారా చూశాను. ఇన్సులిన్ సూది మొదలుపెడదామన్నారు డాక్టరమ్మ.

బయట బల్ల మీద కూర్చున్న బాపు నన్ను చూసి, “ఏమొచ్చింది బిడ్డా?” అని అడిగాడు.

“ఇంక చూస్తున్నం బాపూ,” అని లోపలికి వచ్చేశాను.

సారు నా ముఖం చూశారు. “మూత్రం పరీక్ష చేసినవా?”

“చేసిన సారూ. చక్కెర జాడే లేదు.”

“రక్తంల గంత ఉంటే మూత్రంల కొంతన్న దిగాలె గద! రెండిట్ల ఒకటి అబద్ధం చెప్తాంది.”

ఆయన ఉత్త గొట్టాన్ని మళ్లీ యంత్రంలో పెట్టారు. సున్నా దగ్గర ఉండాల్సిన ముల్లు ఎంతో పైకి పోయి నిలిచింది. సారు కిటికీలోంచి రోడ్డు అవతలి బియ్యం మిల్లు వైపు చూశారు. పొద్దున నేను సున్నా సరిచేశాక ఆ మిల్లు నడవడం మొదలైంది. అది కరెంటు గుంజుకునేసరికి ఓల్టేజి పడిపోయి, బల్బు కంటికి తెలియనంతగా మసకబారింది. ఆ మసకనే ముల్లు చక్కెరగా చూపించింది.

సారు తానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. “లేని జబ్బుకు ఆ సూది ఇస్తే మనిషి పడిపోతడమ్మా. రేపటి దాకా ఆగుండ్రి.”

“ఆగుదాం. నాకూ ఎక్కడో అనుమానంగానే ఉంది,” అన్నారామె.

ఆ మధ్యాహ్నం సారు తన రేడియో సామాన్ల పెట్టె విప్పారు. అందులోంచి బియ్యపుగింజంత జీనర్ డయోడును తీసి అరచేతిలో పెట్టి చూపించారు. “ఇది హద్దు పెడతది. ఓల్టేజిని అంతకు మించి పోనియ్యదు.”

“మరి తక్కువైతే సారూ?”

“మంచిగడిగినవ్. లేనిదాన్ని ఇది పుట్టియ్యలేదు. అందుకే బల్బుకు కావలసినదానికన్న ముందుగాలనే ఎక్కువ తీస్కుంటం. మిల్లు గుంజినా మనకు చాలినంత మిగుల్తది. పైదంతా గీ మూడు కాళ్ల ట్రాన్సిస్టరు ఆపి వేడి చేసి పారేస్తది.”

అంతా టంకం వేసి కట్టి స్విచ్చి వేస్తే బల్బు వెలగనే లేదు. సారు వంగి చూసి, “డయోడును తిరగేసి కట్టిన!” అంటూ పకపకా నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. సరిచేశాక వెలిగింది. ఉత్త గొట్టం పెట్టి, మిల్లు కోసం ఎదురుచూశాం. అది మొదలైంది. నెత్తి మీద పంకా నెమ్మదించింది. ముల్లు మాత్రం సున్నా దగ్గరి నుంచి కదలలేదు.

మర్నాడు బాపు రక్తం మళ్లీ తీశాం. సారు చూసి, పక్కకు జరిగి నన్ను చూడమన్నారు. చక్కెర అందరికీ ఉన్నంతే ఉంది. స్టూలు మీద కూలబడ్డాను. ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. సారు తన చాయ తెచ్చి నా చేతిలో పెట్టారు. బాపును పీడిస్తున్నవి కడుపులో పురుగులని ఆ రోజే సూక్ష్మదర్శిని కింద మలం చూస్తే తేలింది. వాటికి మాత్రలు, రక్తం పట్టడానికి మందు ఇచ్చారు.

“అయితే సారూ, బెల్లం చాయ తాగొచ్చునా?” అన్నాడు బాపు.

“తాగు పెద్దాయనా. నీ బిడ్డకు గూడ పోయించు. రాత్రంత నిద్రపోలేదు.”

వానలు పడేసరికి బాపు చేన్లో నాగలి పట్టాడు. సారు మరుసటి ఏడాది బదిలీ మీద వెళ్లిపోయారు. నేను రిటైరయ్యేదాకా ఆ పనిలోనే ఉన్నాను. కొత్త యంత్రాలు వచ్చాయి, ఓల్టేజి చూసుకునే ఏర్పాటు వాటిలోనే ఉండేది. అయినా మనసుకు నచ్చని లెక్క వచ్చినప్పుడల్లా ఉత్త గొట్టం పెట్టి ఇంకోసారి చూసేదాన్ని. “మెషిన్ మంచిగనే ఉన్నది గద మేడం, ఎందుకింత ఆలస్యం?” అని నా దగ్గర పనిచేసేవాళ్లు విసుక్కునేవారు. ఉత్త గొట్టం చూశాకే కాగితం మీద సంతకం పెట్టేదాన్ని. బయట బల్ల మీద ఎవరి బాపో కూర్చొని ఉంటాడు కదా.