బిగించని బోల్టులు

పదిహేనేళ్ళుగా ఒకే ఒక్క మాట మోస్తున్నాను. "రాలేదు" అన్న మాట. మోసి మోసి అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను కలకత్తా రేవు పక్కన గార్డెన్ రీచ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్‌ని. మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. సింహాచలం కూడా మా వైపువాడే. ఒక కాంట్రాక్టరు దగ్గర యుద్ధకాలం నాటి జీపు నడిపేవాడు. బరువులు మొయ్యాలని ఆ జీపుకి పాత పట్టీలు తీసేసి, బజార్లో కొన్న మందపాటి స్ప్రింగు పట్టీలు వేశాం. వెనక షాఫ్టు కూడా మార్చాం. పనంతా నాదే. పట్టీలని ఇరుసుకి పట్టి ఉంచేవి యు బోల్టులు. బండి నాలుగు రోజులు తిరిగాక పట్టీలు సర్దుకుని ఆ బోల్టులు వదులవుతాయి, మళ్ళీ బిగించి తీరాలి. నాకు తెలియదా? అందరికంటే బాగా తెలుసు.

ఆ బిగించాల్సిన రోజు విశ్వకర్మ పూజ పడింది. ఆ రోజు కలకత్తాలో ఏ మిస్త్రీ పనిముట్టు ముట్టడు. మా పెద్ద మిస్త్రీ, మేమంతా దాదా అనేవాళ్ళం, పక్క గ్యారేజీలో పూజకి వెళ్తూ, నీకు ఆ పట్టింపు లేదు కదా, సింహాచలం వస్తే బిగించి పంపు అని చెప్పాడు. సరేనన్నాను.

సింహాచలం వచ్చేసరికి నేను కొత్త తెల్లచొక్కాలో ఉన్నాను.

"అన్నా, ఓపాలి బిగించీవా? బండి కుడేపు లాగతంది."

"పూజ రోజురా. పనిముట్లు ముట్టుకోకూడదు. ఏటీ అవదు, రేపు రా."

బంతిపూలు పెట్టిన పానాల వైపు చూసి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంకోసారి అడిగి ఉంటే చేసేవాణ్ణేమో. అడగలేదు. పది నిమిషాల పనికి చొక్కా మాసిపోతుందని, నాది కాని పూజని, వాడి భక్తిని అడ్డం పెట్టుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

ఆ సాయంత్రమే వంతెన మలుపులో ఇరుసు పక్కకి జరిగి జీపు గోడకి గుద్దుకుంది. సింహాచలానికి కుడికాలు మోకాలి కింద తీసేశారు. మర్నాడు కాంట్రాక్టరు గ్యారేజీకి వచ్చి, బిగించుకోమని పంపాను, వచ్చాడా అని అడిగాడు. దాదా నా మొహం చూశాడు. రాలేదన్నాను. ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా, దాదా ముందు చిన్నబోతాననా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. వచ్చానని ఆస్పత్రిలో వాడు మొత్తుకుంటే, పండగ పూట తాగి ఉంటాడు అన్నారు. వాడి పని పోయింది. డాక్ గేటు దగ్గర బీడీలు అమ్ముకున్నాడు. నేను కనిపిస్తే ఎప్పటిలాగే అన్నా అనేవాడు. ఒక్కసారైనా నిలదీయలేదు. తిట్టినా బాగుండేది.

పోయిన నెల వాడు చనిపోయాడు. శవాన్ని లేపుతుంటే ఎవరో అన్నారు, ఆ ఒక్కరోజు వీడు అశ్రద్ధ చెయ్యకపోతే కాలుండేది పాపం అని. వాడి భార్య తల దించుకుంది. అంటే ఆవిడ కూడా నా మాటే నమ్మింది. ఇన్నేళ్ళూ సొంత ఇంట్లోనే వాడి మాట చెల్లలేదు. నేను పక్కనే ఉన్నాను, నోరు విప్పలేదు.

ఆవిడ గడప ఎక్కగలనో లేదో చెప్పలేను. క్షమించమని మిమ్మల్నీ అడగను. ఈ కాగితం మీదైనా ఒక్కసారి నిజం రాయనివ్వండి. ఆ రోజు సింహాచలం వచ్చాడు. బిగించమని అడిగాడు. నేనే పొమ్మన్నాను.