అవతలి గట్టు

మొన్న విజయవాడలో ఒక పెళ్ళికి వెళితే, భోజనాల దగ్గర కుండలో నీళ్ళు పెట్టారు. గ్లాసు నోటి దగ్గరికి తీసుకోగానే వట్టివేళ్ళ వాసన. పక్కన కూర్చున్నావిడ ఏదో అడుగుతున్నా నాకు వినిపించలేదు. రెడ్డిగూడెం దగ్గర మా మామిడితోటను ఒరుసుకుని పారే వాగు, దాని గట్టున చీర ఎగదోపుకుని వట్టివేరు దుబ్బులు నాటుతున్న తిరపతమ్మ గుర్తొచ్చాయి.

తిరపతమ్మ మా తోటలో పనిచేసే ఆడవాళ్ళ జట్టుకు పెద్ద. నాన్న పోయాక తోట నా చేతికొచ్చింది. నేను నూజివీడులో కాలేజీ లెక్చరర్ని. మామిడి గురించి నాకు తెలిసిందల్లా కాయలు తినడమే, కానీ తెలియదని ఒప్పుకునే రకాన్ని కాదు. తోట చూడ్డానికొచ్చే వ్యాపారుల కంటికి శుభ్రంగా కనబడాలని, మొదటి ఏడాదే వాగు గట్టున ఉన్న మొగలిపొదలూ రెల్లూ కానుగ చెట్లూ జేసీబీతో పీకించేశాను. "వాటిని ఉండనివ్వండి అమ్మాయిగారూ, గట్టుని పట్టుకుని ఉండేవి అవేనండి," అని తిరపతమ్మ ఒక్కసారి అంది. నేను వినలేదు.

ఆ వానాకాలం వాగు పొంగి గట్టును కోసేసింది. నాన్న తన చేత్తో నాటిన చిన్నరసాల వరసలో రెండు చెట్లు వేళ్ళతో సహా నీళ్ళలో పడ్డాయి. గట్టున కూలబడి ఏడ్చాను. తర్వాత పంతం వచ్చింది. బండరాళ్ళు తెప్పించి మా వైపు నిలువునా గోడ కట్టించాను. రాళ్ళందించినవాళ్ళలో తిరపతమ్మ కూడా ఉంది. మరుసటేడు అంత వరదలోనూ మా గట్టు చెక్కుచెదరలేదు. కాలేజీలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఆ వరద తర్వాత తిరపతమ్మ నాలుగు రోజులు పనిలోకి రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని వాగు దాటి వెళ్ళాను. మా గోడకు సరిగ్గా ఎదురుగా ఆమెకు అరెకరం చేను ఉందని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. గోడకు కొట్టుకున్న నీరంతా అటు మళ్ళి, అందులో మూడోవంతు తినేసింది. అంచున మిరప మొక్కల వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. ఆమె ఒక్కతే మిగిలిన చేనుకు అడ్డంగా కర్రలు పాతుకుంటోంది.

గోడ కట్టేటప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెట్లు పడిపోతే చంటిపిల్లలా ఏడ్చారండి. ఆ ఏడుపు చూసి ఏం చెప్పను?" అంది. ఇంకో కర్ర అందుకుంటూ, "వాగుకి కూడా కాస్త చోటు కావాలండి. మీరివ్వలేదు, నా దగ్గర తీసుకుంది," అంది.

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నా సిగ్గు కొంతైనా తగ్గేది. పోయిన నేలకు బదులు తోటలో ముక్క రాసిస్తానన్నాను. మొహమాటానికి వద్దంటుందనుకున్నాను. "ఇవ్వండి," అంది.

ఆ వేసవిలో గోడ తీయించాను. వాగుకు చోటిచ్చేలా మా గట్టును ఏటవాలుగా చెక్కాలంటే నాన్న వరసలో మిగిలిన తొమ్మిది చెట్లూ కొట్టేయాలి. నాకు నోరు రాలేదు. తిరపతమ్మ ఒక్కో చెట్టు మొదట్లో పసుపు రాసి, బొట్టు పెట్టి, నా చేత దణ్ణం పెట్టించి, అప్పుడు గొడ్డళ్ళ వాళ్ళను రమ్మంది. తర్వాత రెండు గట్లమీదా వట్టివేరు, మొగలి, కానుగ నాటాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకోండి. లెక్చరర్లకు నడుం వంగుతుందని తనకు తెలియదని ఆమె నన్ను ఏడిపించింది. కొన్నేళ్ళకు ఆ నీడన మడుగుల్లో చేపపిల్లలు తిరిగాయి, నీటికోళ్ళు గూళ్ళు కట్టాయి. వాటిని నాకంటే ముందు ఆమే చూసి, పిలిచి చూపించింది.

తిరపతమ్మ పోయి రెండేళ్ళయింది. ఈ ఏడు వాగు మళ్ళీ బాగా పొంగింది. నీళ్ళు మోకాలికి దిగాయని తెలియగానే తోటకు వెళ్ళాను. చెట్లన్నీ బాగానే ఉన్నాయని పనివాళ్ళు చెబుతున్నా ఆగకుండా వాగు దాటాను. ఆమె కూతురు చేలో నీళ్ళు తీస్తోంది.

"గట్టు ఆగిందా అమ్మా?" అని అడిగాను.

"ఆగిందండి," అంది.

అప్పుడు వెనక్కి తిరిగి మా తోట వైపు చూశాను.