స్పిరిట్ ట్యాంకుకి బొట్టు

టాటానగర్‌లోని బారిడీహ్‌లో మా పక్కిల్లు ఆమోసుది. స్పిరిట్ డిపోలో పని చేస్తాడని తెలిసిన రోజునుంచీ ఆ మనిషిని నేను వదల్లేదు. పక్కవాళ్ల సంగతులు తెలుసుకోకపోతే నాకు తిన్నది అరగదు. బళ్లో సైన్సు చెబుతాను కనక అదొక మంచి సాకు కూడా.

స్పిరిట్ అనగానే మా వీధిలో మగాళ్ల మొహాలు వెలుగుతాయి. ఒక్క సీసా తెచ్చిపెట్టమని గుట్టుగా అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆమోసు చుక్క ముట్టడు, చర్చిలో పెద్ద. అది ఫ్యాక్టరీల సరుకనీ, అందులో విషం కలుపుతారనీ, తాగితే చూపూ ప్రాణమూ రెండూ పోవచ్చనీ ఒక్కొక్కడికీ కూర్చోబెట్టి చెబుతాడు. నేనైతే మొహం మీదే తలుపేసేదాన్ని.

నాకు కావలసింది వేరు. అంత సరుకు ఒకేచోట పెట్టుకుని వీళ్లు ఎలా బతుకుతున్నారు? అడగ్గా అడగ్గా తెలిసింది. ట్యాంకరు రాగానే ముందు రాగి తీగ తగిలించి దాన్ని భూమికి కలుపుతారట. గొట్టంలో సరుకు పారుతుంటే కరెంటు పుడుతుంది, దానికి దారి చూపకపోతే ఎక్కడో ఒకచోట నిప్పురవ్వవుతుంది. ట్యాంకుల చుట్టూ నడుమెత్తు గోడ ఉంటుంది, దాన్ని డైక్ అంటారు. సరుకు ఒలికినా అది దాటి పోకూడదు. ట్యాంకు నింపేటప్పుడు లోపలి ఆవిరి పైగొట్టంలోంచి బయటికొస్తుంది. గాలికంటే బరువు కనక కిందికి దిగి, గ్యాసు లీకైతే వంటింటి నేలమీద పాకినట్టు పాకుతుంది. డైక్ లోపల నిలుస్తుంది కూడా. ఇక అంటుకుందా, పట్టపగలు ఎండలో ఆ మంట సరిగ్గా కంటికి కూడా ఆనదట.

నిరుడు విశ్వకర్మ పూజనాడు జరిగింది మాత్రం ఆమోసు చెప్పలేదు. వాళ్లావిడ త్రేసమ్మ కొంత చెప్పింది, మిగతాది జగ్గారావు దగ్గర లాగాను. జగ్గారావుది ఇదే ఊళ్లో బర్మామైన్స్ పేట, తండ్రి టాటానగర్ రైల్వేలో చేశాడు. డిపోలో పంపు నడిపేది అతనే. ఆమోసూ అతనూ ఒకేసారి చేరారు, ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. విశ్వకర్మ పూజంటే ఈ ఊళ్లో ప్రతి యంత్రానికీ పండగే కదా. డిపోలో పూజ ఎప్పుడూ గేటు అవతల షెడ్డులో చేసేవారు. ఆమోసు పూజలో నిలబడడు గానీ షెడ్డు ఊడ్చేది, కిచిడీ వడ్డించేది అతనే. ఆ ఏర్పాటుతో ఎవరికీ పేచీ లేదు.

నిరుడు కొత్త ట్యాంకు వచ్చింది. పూజ ముందురోజే మొదటిసారి నింపారు. కొత్త బండి కొంటే దాని ముందే హారతివ్వరూ? జగ్గారావుకీ అలాగే తోచింది. కొత్త సిల్కు లాల్చీ తొడుక్కుని, పళ్లెంలో కర్పూరం వెలిగించుకుని, గేటు దాటి ట్యాంకు వైపు నడిచాడు. వెనక డిపో మనుషులంతా. ఇన్నేళ్లు స్పిరిట్ మధ్య బతికినవాడికి ఆ పూట అది నిప్పుగా కనపడలేదు, హారతిగానే కనపడింది.

ఆమోసుకి రెండు భయాలట. నిప్పుకి ఒక భయం, నోరు తెరిస్తే పోయే స్నేహానికి ఇంకో భయం. అయినా పరుగున వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు. వెనకనుంచి ఎవడో కిరస్తానీ కదా, అందుకే అని హిందీలో గొణిగాడు. జగ్గారావు మొహం మాడిపోయింది.

"నీ దేవుడు కాడని ఆపతన్నావేటి?" అన్నాడు.

అన్నానని నాతో తనే ఒప్పుకున్నాడు. ఆ మాట అంటున్నప్పుడే నాలుక కరుచుకోవాలనిపించిందట, కానీ పదిమందిలో వెనక్కి తీసుకోలేకపోయాడు.

ఆమోసు పక్కకి జరగలేదు. "అగ్గి పట్టుకుని మా పాస్టరుగారొచ్చినా ఇక్కడే ఆపుతాను. యేసయ్యొచ్చినా ఆపుతాను జగ్గా" అన్నాడు.

ఆమోసు ఆ పేరు ఊరికే ఎత్తే మనిషి కాదు. ఒట్టేసి చెప్పకపోతే జీతం కోస్తామన్న రోజున కూడా దేవుడి మీద ఒట్టు వెయ్యనన్నవాడు. అది జగ్గారావుకి తెలిసినంతగా అక్కడ ఇంకెవరికీ తెలియదు. పళ్లెం పక్కవాడి చేతికిచ్చి షెడ్డుకి పంపించేశాడు.

"బొట్టు పెట్టొచ్చా మరి?" అని అడిగాడు, గొంతు తగ్గించి.

పెట్టొచ్చన్నాడు ఆమోసు. కాకపోతే ఫోను గేటు దగ్గర పెట్టాలి, ఆ సిల్కు లాల్చీ విప్పాలి, ఒంటికి రాసుకుంటే దాంట్లోనూ కరెంటు పుడుతుంది. జగ్గారావు బొజ్జతో, జందెం లేని పూజారిలా ఉత్త ఒంటితో లోపలికెళ్లి, ట్యాంకుకి పసుపూ కుంకుమా పూసొచ్చాడు. ఆమోసు డైక్ గోడ పక్కన నిలబడి అతను బయటికొచ్చేదాకా కళ్లు తిప్పలేదు. మధ్యాహ్నం కిచిడీ దగ్గర జగ్గారావు మామూలుగానే పక్కన కూర్చున్నాడు. కిరస్తానీ అని గొణిగినవాణ్ని మాత్రం లేపి వడ్డనకి పంపాడు.

కథ ఇక్కడితో అయిపోవాలి, కానీ నాకు ఊరుకునే గుణం లేదు కదా. చర్చి పెద్ద అయ్యుండి అంత మాటన్నాడే, ఆదివారం ప్రార్థనలో ఏమని చెప్పుకున్నాడో తెలుసుకోవాలనిపించింది. గోడ మీంచి అడిగేశాను, యేసయ్యనైనా ఆపుతానన్నందుకు క్షమించమని వేడుకున్నావా అని.

ఆమోసు అరుగుమీద బూట్లు తుడుచుకుంటున్నాడు. తలెత్తి నావైపు చూశాడు, అడగాల్సింది ఏముందన్నట్టు.

"ఆయనొత్తే ఆగుతారమ్మా" అన్నాడు.