పడుకుని తాగిన గుక్క

నా చిన్నప్పుడు మా నాయనమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుని ఏడాదిపాటు మంచం దిగలేదు. నాన్న సముద్రం మీద వేటకు, అమ్మ చేపల తట్టతో ఊళ్ల మీదికి. తొమ్మిదేళ్ల నన్ను బడి మానిపించి ఆవిడ దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడకు పళ్లు లేవు, అన్నం మింగుడుపడదు. చోడులూ, అంటే రాగులూ, పెసలూ వేయించి విసిరిన పిండి అమ్మ కుండలో పోసి ఉంచేది. మూడు పూటలా దాంతో జావ కాచి పట్టడం నా పని. అదే ఆవిడ తిండి.

మాది సముద్రం ఒడ్డు ఊరు. వల లాగేవాళ్ల కేకలు ఇంట్లోకి వినబడేవి. తాడు పట్టిన ప్రతి పిల్లకీ గుప్పెడు చేపలు పెడతారు. నా ఈడువాళ్లంతా అక్కడే, నేను మాత్రం గుమ్మం దాటకూడదు. గోడలు రోజురోజుకీ దగ్గరకి జరుగుతున్నట్టుండేది.

ఒకరోజు కేకలు జోరందుకున్నాయి. నాకు కాలు నిలవలేదు. పిండిని ముందు చన్నీళ్లలో కలిపి ఆ తర్వాతే మరిగే నీళ్లలో పోయాలని అమ్మ చెప్పింది. నేను నేరుగా గుమ్మరించి, రెండు తిప్పులు తిప్పి, కాస్త ఆరగానే ఆవిడ నోట్లో పోసేశాను. ఉండ గొంతుకు అడ్డంపడింది. కళ్లు తేలేసింది. మెడ ఎత్తి వీపు మీద చరిస్తే ఎప్పటికో బయటపడింది. తర్వాత చూసుకుంటే కేకలు ఆగిపోయి ఉన్నాయి.

అమ్మకు చెప్పేస్తుందనుకున్నాను. సాయంత్రం అమ్మ అడిగితే, నాయనమ్మ బాగానే తాగానంది.

మర్నాడు అమ్మ వెళ్లాక, నిన్నటిలాగే కలిపి తెమ్మంది. మంచం పక్కన చాప వేయించింది.

"ఒలే గుంటా, నాలాగ ఎల్లకిలా తొంగో. ఒక్క గుక్క తాగు."

పడుకుని తాగాను. ఉండ నాలుక మీదికి వచ్చింది. లేవబోయాను.

"లేగకు. నాను లేగగలనేటి?"

ఉండను బుగ్గన పెట్టుకుని అలాగే ఉండిపోయాను.

"ఏటి అగుపడతన్నాది?"

కప్పు తాటాకులు, అన్నాను.

"నాకూ అవే. ఇంక లేగు. సరిగ్గా కలిపిచ్చీసి ఒడ్డుకెల్లు. నానెక్కడికెల్లిపోతాను?"

ఆ పూట చన్నీళ్లలో వేళ్లతో ఉండ లేకుండా నలిపి కలిపాను. ఆవిడ తాగేదాకా కూర్చుని, అప్పుడు పరుగెత్తాను. వచ్చి ఒడ్డున చూసిందంతా చెబితే, కళ్లు మూసుకుని విన్నది.

ఇప్పుడు మా ఆయనకు పక్షవాతం, నోట మాట లేదు. డాక్టరు గారు రాసిన డబ్బా పొడే తిండి. కలపడానికి కోడలు మూత బిగించి ఊపే సీసా కొనిచ్చింది. సరిగ్గా ఊపకపోతే అందులోనూ పొడి ఉండలు కడుతుంది. నేను గుమ్మం దాటి ఎన్నాళ్లయిందో. కొన్ని పూటలు విసుగొచ్చి, ఎలాగో ఒకలా కలిపేసి పోసేద్దామనిపిస్తుంది. అలాంటి పూట గ్లాసులోంచి కాస్త చెంచాలోకి తీసుకుని, ఆయన పక్కనే తలగడ మీద వెల్లకిలా వాలి ముందు నేను తాగుతాను. పైన ఫ్యాను, కప్పు మీద చెమ్మ మరక కనబడతాయి. ఆయనా వాటినే చూస్తుంటారు.

అప్పుడు లేచి, ఉండ తగిలితే మళ్లీ కలిపి, ఆయన తల కింద చెయ్యి పెడతాను.