బయటి గడియ బిగించని మనిషి

మేడమెట్ల కింద, జిరాక్స్ కొట్టుకీ మందుల షాపుకీ నడుమ, పొడుగాటి మనిషి నిటారుగా నిలబడితే నెత్తి బొప్పి కట్టేంత జాగాలో ఉండేది తాళాలక్క కొట్టు. గోడ నిండా మేకులు, మేకుల నిండా ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు. తండ్రి దగ్గర పట్టిన ఆకురాయిని పెళ్ళయ్యాక కూడా వదల్లేదు ఆవిడ. ఆడమనిషి తాళాలు బాగుచేయడమేమిటని మొదట్లో ముసిముసిగా నవ్వినవాళ్ళే, ఇంటి తాళంచెవి ఎక్కడో పారేసుకున్న రోజున "అక్కా, అక్కా" అంటూ పరుగెత్తుకొచ్చేవారు. పని నున్నగా ఉండేది కానీ, మాట మాత్రం ఆకురాయికంటే గరుకు.

ఒక మధ్యాహ్నం ఉద్యోగినుల హాస్టల్ నుంచి కబురొచ్చింది. కొన్నాళ్ళుగా మనసు బాగోలేని ఒకమ్మాయి గది తలుపు వేసుకుని ఎంత పిలిచినా తీయడం లేదట. తాళాలక్క వెళ్ళి తాళం విప్పింది. తలుపు పూర్తిగా తెరుచుకోకముందే వెనకనున్న జనం ఆవిణ్ణి పక్కకు నెట్టి లోపలికి దూరారు. తలో చెయ్యీ తలో కాలూ పట్టుకుని ఆ పిల్లను మంచానికేసి అదిమేశారు. ఆ పిల్ల వాళ్ళ వంక చూడలేదు. గుమ్మంలో స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డ తాళాలక్క వంక చూసింది, అంతే.

"దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నారయ్యా" అంది ఇంటికొచ్చాక మొగుడితో. ఆయన సరుకుల వ్యాను తోలేవాడు. నోట్లో హాస్యం లేకుండా ముద్ద దిగని మనిషి. ఆ పూట మాత్రం నవ్వలేదు.

"మరి ఏం చేస్తే బాగుండేదంటావు?"

"అదే తెలీదు. తెలీకపోవడానికే నాకు ఒళ్ళు మండిపోతోంది."

ఆ మంట చల్లారకముందే, ఆస్పత్రి బీరువాకి మారుతాళం చేయించుకోడానికి ఒక నర్సు వచ్చింది. తాళాలక్క ఆకురాయి ఆడిస్తూనే హాస్టల్ సంగతి ఆవిడ చెవిన వేసింది. నర్సు అంతా విని, "ఆదివారాలు గ్రంథాలయం మేడ మీద ఒక శిక్షణ చెబుతున్నాం. మనసు చెదిరిన మనిషి దగ్గర ఎలా ఉండాలి, ఏం మాట్లాడాలి, ఎప్పుడు ఎవర్ని పిలవాలి అన్నది. ఉచితమే. రండి" అంది.

"నాకేం చదువుందని, సిస్టర్?"

"చదువుకున్నవాళ్ళ కోసం కాదండీ. తలుపు దగ్గరకి ముందు వెళ్ళేవాళ్ళ కోసం."

ఆదివారం తాళాలక్క కొట్టు మూసింది.

"తాళాలు విప్పింది చాలక ఇప్పుడు మనుషుల బుర్రలు విప్పుతావా?" అన్నాడు మొగుడు.

"ముందు నీదే విప్పుతా. లోపల ఏమన్నా ఉందో లేదో తేలిపోతుంది" అని చెప్పులేసుకుని వెళ్ళింది.

మేడ మీద పాత కుర్చీల్లో ఆటో డ్రైవరూ, బ్యూటీ పార్లరు నడిపే అమ్మాయీ, పెద్ద అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేసే ముసలాయనా, ఇంకా కొందరు కూర్చున్నారు. నర్సు వాళ్ళలో ఒకరిని బాధలో ఉన్న మనిషిగా నటించమని, మరొకరిని మాట్లాడమనేది. వాచ్‌మన్ మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంటే తాళాలక్క ఆయన భుజం తట్టి, "ఏం కాలేదు, ఊరుకోండి" అంది.

"ఏం కాలేదని మీకెలా తెలుసు?" అంది నర్సు.

తాళాలక్కకి ఉక్రోషం వచ్చింది. వచ్చినా, తనకి తెలీదని ఒప్పుకుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలన్న చోట మాత్రం పెద్ద పేచీయే పెట్టింది.

"లేని ఆలోచన మనమే తెచ్చి నెత్తిన పెట్టినట్టు కాదూ?"

"కాదండీ. అడిగినందుకు ఎవరికీ కొత్తగా ఆ ఆలోచన రాదు. ఉన్నవాళ్ళకి మాత్రం, ఒంటరిగా మోస్తున్నదాన్ని ఒకరి ముందు దించుకోడానికి దారి దొరుకుతుంది."

ఆ ప్రశ్న నోటికి అలవాటు కావాలని ఇంట్లో మొగుడి మీద ప్రయోగించింది. పాపం ఆయన టీ తాగుతూ పొలమారి, "ఇప్పటిదాకా లేదే, నువ్విలాగే చూస్తుంటే చెప్పలేను" అన్నాడు.

శిక్షణ ముగిసిన కొన్నాళ్ళకి, వాచ్‌మన్ పనిచేసే అపార్ట్‌మెంటు నుంచే పిలుపు వచ్చింది. పై అంతస్తులో, బ్యాంకులో ఆఫీసరుగా చేసే ఒకావిడా, ఆవిడ తమ్ముడూ ఉంటారు. తమ్ముడు బళ్ళో లెక్కల మాస్టారు. ఎవరికీ వినపడని గొంతులు తనకి వినపడుతున్నాయని కొంతకాలంగా బడి మానేశాడు. ఆ ఉదయం అరిచి అరిచి తన గదిలోకి పోయి తాళం వేసుకున్నాడు.

తాళాలక్క వెళ్ళేసరికి ఆ గది ముందు సంతలా ఉంది. అపార్ట్‌మెంటు సెక్రటరీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పక్కన బలంగా ఉన్న మనుషులు కొందరు. వాళ్ళలో ఒకడి చేతిలో తాడు. మాస్టారి అక్కగారు గోడకి చేరబడి ఉంది. కళ్ళు పీక్కుపోయి, ఎన్నాళ్ళనుంచో నిద్ర ఎరగని మొహం.

"ఊఁ, తియ్యమ్మా" అన్నాడు సెక్రటరీ. "నువ్వు తీయగానే మిగతాది వీళ్ళు చూసుకుంటారు."

తాళాలక్క సంచీ కింద పెట్టింది. "వీళ్ళు కిందికి పోతే తీస్తాను."

"నిన్ను పిలిచింది తాళం తీయడానికి. సలహాలకి కాదు."

"తాళం తీయడానికే వచ్చాను సెక్రటరీగారూ. తాడు పట్టుకున్న మనిషి ఇక్కడుంటే మాత్రం నా చెయ్యి ఆడదు."

"నువ్వు కాకపోతే ఇంకొకడు! ఊళ్ళో తాళాలవాళ్ళకి కరువా?"

"పిలవండి. అతనొచ్చేదాకా నేనిక్కడే ఉంటా" అంటూ తలుపుకి వీపు ఆనించి నేల మీద చతికిలబడింది. సంచీ ఒళ్ళోకి లాక్కుంది.

సెక్రటరీ ఒంటికాలి మీద లేచాడు. అప్పుడు వాచ్‌మన్ మెల్లిగా ముందుకొచ్చి, "తాళాలక్క చెప్పేదాంట్లో న్యాయం ఉందండీ. మేమిద్దరం కలిసే నేర్చుకున్నాం" అన్నాడు. జీతమిచ్చే మనిషి ఎదుట ఆ మాట అనడానికి ఆ ముసలాయనకి ఎంత దమ్ము కావాలో తాళాలక్కకి తెలుసు. అక్కగారు అందరి వంకా ఒకసారి చూసి, "మీరంతా కిందికి వెళ్ళండి. దయచేసి వెళ్ళండి" అంది. గొణుక్కుంటూ దిగారు. వాచ్‌మన్ నర్సుకి ఫోన్ చేయడానికి పక్కకు వెళ్ళాడు.

"మాస్టారూ, భయపడకండి" అంది తాళాలక్క తలుపు వైపు తిరిగి.

"భయపడొద్దని చెప్పడానికి నువ్వెవతివి?" లోపల్నుంచి ఏదో తలుపుకి తగిలి పడింది.

మొదటి మాటే తప్పింది. నాలిక్కరుచుకుంది. "నిజమేనండీ. మీ భయం నాకేం తెలుసు. నేను తాళాలు బాగుచేసే మనిషిని. తలుపు తీయమని పిలిచారు. మీకు చెప్పకుండా తీయను."

లోపల అడుగులు అటూ ఇటూ తిరిగాయి. తాళాలక్కకి ఊరికే ఉండడం చేతకాదు. అయినా పళ్ళు బిగించుకుని ఊరుకుంది.

"తాడు తెచ్చారు కదూ?" అన్నాడు మాస్టారు.

"తెచ్చారు. కిందికి పంపించేశాం. ఇక్కడ మీ అక్కగారూ, నేనూ ఉన్నాం, అంతే. మీకు దెబ్బేమైనా తగిలిందా?"

"లేదు."

"ఒకటి అడుగుతాను, కోప్పడకండి. చచ్చిపోవాలనిపిస్తోందా?"

అక్కగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నిన్న అనిపించింది" అన్నాడు ఆయన. గొంతు తలుపుకి దగ్గరగా వచ్చింది. "ఇవాళ లేదు. ఇవాళ నిద్ర కావాలి. వీళ్ళు ఊరుకుంటే బాగుండు."

"గదిలో మనుషులున్నారా?"

"కనపడరు. మాట్లాడతారు."

"నాకు వినపడడం లేదు గానీ, మీకు వినపడుతుంటే నిద్రెలా పడుతుంది! మీ దగ్గర కత్తీ గిత్తీ ఏమన్నా ఉన్నాయా?"

"పెన్సిలుంది."

"లెక్కల మాస్టారి దగ్గర పెన్సిలు లేకపోతేనే ఆశ్చర్యం. ఉండనివ్వండి. మరి తలుపు తీస్తారా?"

"తీయలేను. పొద్దున్నే తాళంచెవి లోపల విరిగిపోయింది."

తాళాలక్క కిందికి వంగి కన్నంలోకి చూసింది. నిజమే. విరిగిన ముక్క అడ్డం పడి ఉంది. "అయ్యో, మరి ఆ మాట చెప్పలేదేం మాస్టారూ?"

"తియ్యి, తియ్యి అని అరిచారే గానీ, ఎందుకు తీయడం లేదని ఎవరడిగారు?"

అక్కగారు నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ తరవాత తాళాలక్క తనకి తెలిసిన పనిలోకి దిగింది. సన్న పట్టకారు తీసింది. ప్రతి చప్పుడూ ముందే చెప్పింది. "ఇప్పుడు గీరుకుంటుంది, మాస్టారూ." "ఇప్పుడు టక్కుమంటుంది, ఉలిక్కిపడకండి." ముక్క బయటికొచ్చింది, తాళం విడింది. తలుపు మాత్రం ఆవిడ తోయలేదు. "ఇక మీ ఇష్టం. మీరే తీయండి" అని వెనక్కి జరిగింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్న ఒక సన్నటి మనిషి గుమ్మంలో నిలబడి, తన అక్కగారి వంక చూసి, "అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు. నర్సు వచ్చేసరికి అక్కాతమ్ముళ్ళు వంటింట్లో బ్రెడ్డు తింటున్నారు. ఆయన నర్సుతో చాలాసేపు మాట్లాడి, తన కాళ్ళ మీద తనే మెట్లు దిగి, డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. తాడు పట్టుకున్నవాడు దాన్ని ఎక్కడ దాచాలో తెలియక వీపు వెనక పెట్టుకున్నాడు.

కథ అక్కడితో ఒడ్డెక్కితే బాగుండేది. కొద్దిరోజులకి సెక్రటరీ, అక్కగారిని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చాడు. అక్కగారు తల ఎత్తలేదు.

"ఆ గదికి బయటివైపు గడియ బిగించాలి. గట్టిది. అసోసియేషన్ నిర్ణయం. లేదంటే వాళ్ళు ఇల్లు ఖాళీ చేయాలి."

"బిగించను."

"ఏమిటీ?"

"తలుపుకి గడియ లోపలి మనిషి కోసం సార్. బయట బిగిస్తే అది గది కాదు, బోను. నా చేత్తో బోను చేయను."

"మా అపార్ట్‌మెంటులో మళ్ళీ అడుగు పెట్టలేవు, చూసుకో!"

"మీ అపార్ట్‌మెంటు లేనప్పుడు కూడా అన్నమే తిన్నాం."

జిరాక్స్ కొట్టు దగ్గర వరసలో ఉన్న జనం కాగితాలు మరిచిపోయి ఇటు తిరిగారు. తాళాలక్క సెక్రటరీని వదిలేసి, అక్కగారిని చెయ్యి పట్టుకుని లోపల స్టూలు మీద కూర్చోబెట్టింది. "మీరు చెప్పండి మేడమ్. గడియ మీక్కావాలా?"

"నాకు నిద్ర కావాలి" అంది ఆవిడ. "నేను కన్ను మూస్తే వాడు ఎటు పోతాడోనని భయం. నాకు గడియ అక్కర్లేదు. ఒక్క పూట నిద్ర కావాలి."

"అలా చెప్పండి మరి. ఆ గది తాళం మారుస్తాను, రెండువైపులనుంచీ తెరుచుకునేది పెడతాను. మందులకి మాత్రం చిన్న పెట్టె, దానికి మంచి తాళం. నిద్ర సంగతంటారా, మధ్యాహ్నం కొట్టు మూసి నేనొచ్చి కూర్చుంటా. నా వల్ల కానిరోజు వాచ్‌మన్ అన్న వస్తాడు. ఎలా ఉన్నారో సిస్టర్‌కి ఎప్పటికప్పుడు చెబుదాం."

అక్కగారు లేచి నిలబడి, మొహం తుడుచుకుని సెక్రటరీ వైపు తిరిగింది. "గడియ పెట్టించను. ఇల్లు ఖాళీ చేయమని కాగితం మీద రాసివ్వండి, నలుగురికీ చూపిస్తాను." ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ కాగితం ఎన్నడూ రాలేదు.

మర్నాడు కొట్టు ముందు ఒక బోర్డు వెలిసింది: 'మనిషిని లోపలేసి బిగించే గడియాలు ఇక్కడ బిగించబడవు.' రాసింది మొగుడు. గడియలకి దీర్ఘం పెట్టి 'గడియాలు' అని రాశాడు. అక్షరం దిద్దుతానని జిరాక్స్ కుర్రాడంటే, "ఉండనీ, తప్పు చూడ్డానికొచ్చినవాళ్ళు మొత్తం చదువుతారు" అన్నాడు ఆయన. అపార్ట్‌మెంటు పనులన్నీ పోయాయి. ఆ గది తాళం మార్చడానికీ, మధ్యాహ్నాలు కూర్చోడానికీ మాత్రం తాళాలక్క సెక్రటరీ కంట పడకుండా వెనక మెట్ల మీదుగా వెళ్ళొచ్చేది. వాచ్‌మన్‌ని తీసేశారు. నర్సు ఆయన్ని ఆస్పత్రి గేటు దగ్గర పెట్టించింది. పాత గేటంత నీడ లేదక్కడ. అయినా కొత్తగా మొదలైన ఆదివారం శిక్షణకి ఆయనే అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసేవాడు.

మాస్టారికి పూర్తిగా నయమైపోయిందని చెబితే అబద్ధమవుతుంది. వానాకాలంలో ఒకసారి గొంతులు మళ్ళీ పెరిగి కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉన్నాడు. వెళ్ళాలని తనే చెప్పి వెళ్ళాడు. తిరిగొచ్చాక పక్కింటి పిల్లలకి సాయంత్రాలు లెక్కలు చెప్పడం మొదలెట్టాడు.

ఆ రోజుల్లోనే ఆయన గది తాళం బిగుసుకుంటోందని అక్కగారు ఫోన్ చేసింది. తాళాలక్క సంచీ వేసుకుని, ఈసారి ముందు గేటుకే వెళ్ళింది. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మిమ్మల్ని రానివ్వొద్దన్నారమ్మా."

"ఎవరు?"

"సెక్రటరీగారు."

ఆవిడ జవాబు చెప్పబోతుంటే లోపల్నుంచి హవాయి చెప్పుల చప్పుడు వినిపించింది. మాస్టారు గబగబా వచ్చాడు. గుండీలు సరిగ్గానే ఉన్నాయి. పెన్సిలు చెవిమీద ఉంది. "మా ఇంటికొచ్చే మనిషిని ఎవరు ఆపుతారు? నేనే పిలిచాను" అన్నాడు కొత్త వాచ్‌మన్‌తో. అడుగు వెనక్కి వేయలేదు. గేటు తనే తెరిచి, "రండక్కా" అన్నాడు.

పై నుంచి సెక్రటరీ బాల్కనీ పట్టుకుని చూస్తున్నాడు. తాళాలక్క సంచీ భుజం మార్చుకుని, తల పైకెత్తి, వీధంతా వినపడేలా "నమస్కారం సెక్రటరీగారూ!" అంది. మాస్టారి పక్కనే నడుచుకుంటూ ముందు మెట్లే ఎక్కింది.